ఆటోలో పాటల పెట్టె

ఆటో వస్తోంది. ఆటో కంటే ముందు పాట వస్తోంది. పాట కంటే ముందు దడదడమనే చప్పుడు వస్తోంది. సందులో నిలబడ్డ వాళ్లం పక్కకు జరుగుతాం. ఇది మనందరికీ తెలిసిందే.

ఆ దడదడ పాటది కాదు. పెట్టెది. పాట పలకాల్సిన చోట పెట్టె పలుకుతోంది. ఎందుకలా జరుగుతుందో ఈ పాఠంలో చూద్దాం.

ఒక ఊళ్లో ఒక అక్క ఉంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. పెద్దయ్యాకే చదువు నేర్చుకుంది. సంఘం అప్పుతో ఇంటాయనకు ఆటో కొనిపెట్టింది. నెలనెలా వాయిదా కట్టాలి.

ఒకనాడు ఇంటాయన అన్నం తింటూ మాట తీశాడు.

"పాటలు లేని ఆటో ఎవరు ఎక్కుతారే? స్టాండులో అందరికీ సెట్లున్నాయి. నాకే లేదు. టౌనులో వెయ్యి వాట్ల సెట్టు చూశాను. పెట్టెలతో కలిపి తొమ్మిది వేలట."

"తొమ్మిది వేలా! మరి వాయిదా?"

"ఈ ఒక్క నెల ఆపుదాం."

అక్కకు గుండె గుభేలుమంది. ఒకళ్లు వాయిదా ఆపితే సంఘం మొత్తానికి మాట వస్తుంది. తరువాత అప్పు అడగడానికి ఎవరికీ నోరు రాదు. అయినా ఆమె వద్దని గొడవపడలేదు.

"నేనూ వస్తాను. చూసి కొందాం" అన్నది.

దుకాణంలో సెట్టు డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి అక్కకు రావు. అంకెలు వచ్చు. డబ్బా మీద 1000 అని అరచేయంత అంకె ఉంది. సెట్టును తిప్పి చూసింది. వెనకాల ఎర్రటి చిన్న బిళ్ల ఒకటి గుచ్చి ఉంది. దాని మీద 10 అని ఉంది.

"ఇక్కడ వెయ్యి, ఇక్కడ పది. ఏది నిజం?" అని అడిగింది.

దుకాణం అతను నవ్వేశాడు. "అది ఫ్యూజమ్మా. మీకు తెలీదులే" అన్నాడు.

ఆ మాటతో అక్క లేచింది. కొనకుండానే ఇద్దరూ ఇంటికి వచ్చారు. దారి పొడుగునా ఇంటాయన మాట్లాడలేదు.

వాళ్ల ఊళ్లో వడ్రంగి బాబాయి ఉన్నాడు. మైకుసెట్ల వాళ్లకు పెట్టెలు చేస్తాడు. సాయంత్రం ఇద్దరూ ఆయన దగ్గరకు వెళ్లారు. బాబాయి అంతా విని, "అమ్మాయ్, నువ్వు అడగాల్సిందే అడిగావు" అన్నాడు.

వెయ్యి ఎక్కడిది?

వాటు అంటే కరెంటు ఎంత బలంగా పనిచేస్తోందో చెప్పే కొలత. మన ఇంట్లో చిన్న ఎల్.ఇ.డి. బల్బు మీద 9 వాట్లు అని ఉంటుంది. వాట్లు తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణించాలి.

ఆటో బ్యాటరీ 12 వోల్టులు. ఫ్యూజు 10 ఆంపియర్లు. 12 ను 10 తో గుణిస్తే 120. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టులు 14 దాకా పెరుగుతాయి. అప్పుడు 140. అంతకు మించి లాగుతూ ఉంటే ఫ్యూజు కాలిపోతుంది. ఫ్యూజు పని అదే. లోపలికి పోయిన 140 లో కూడా కొంత వేడిగా పోతుంది. మిగిలిందే పాట అవుతుంది. నిజంగా 1000 వాట్లు లాగాలంటే 83 ఆంపియర్లు కావాలి. ఆ సన్న తీగ ఎక్కడ తట్టుకుంటుంది?

మరి ఆ 1000 ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని పి.ఎం.పి.ఓ. వాట్లు అంటారు. దానికి ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. మనం చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. అనే అక్షరాల పక్కనుండే అంకె. నిలకడగా ఇచ్చే బలం అది. విడిగా యాంప్లిఫయర్ లేని చిన్న సెట్లు ఒక్కో స్పీకరుకు సుమారు 20 వాట్లు ఇస్తాయి. తక్కువని తీసిపారేయకండి. మూడు చక్రాల బండిలో 20 వాట్లు చాలా ఎక్కువ.

ఇంకో సంగతి. వాట్లు రెట్టింపయితే పాట రెట్టింపు వినబడదు. కాస్త పెరిగినట్టు ఉంటుందంతే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. 20 వాట్ల సెట్టు తీసేసి 40 వాట్లది పెడితే డబ్బు పోయినంతగా చప్పుడు పెరగదు.

బాబాయి ఈ లెక్క నేల మీద సుద్దతో వేసి చూపించాడు. ఇంటాయన చాలాసేపు ఆ అంకెల్నే చూశాడు.

"అయితే ఆ స్టాండులో వాళ్లవి అంత గట్టిగా ఎలా మోగుతున్నాయి?"

"పాట మోగడం లేదు అల్లుడూ. రేకు మోగుతోంది" అన్నాడు బాబాయి.

పెట్టె మోగకూడదు

మనం కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచి కుండ. బొద్దుగా పలికితే బీట ఉన్నట్టు. స్పీకరు పెట్టె దగ్గర ఇది తిరగబడుతుంది. వేలి కణుపుతో కొడితే పెట్టె టక్ అని ఊరుకోవాలి. గోడను కొట్టినట్టు ఉండాలి. డమ్ అని పలికితే అది చెడ్డ పెట్టె.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వీణకు కుండ ఉంటుంది. బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. ఆ చెక్క అదరాలి. అదిరితేనే నాదం. స్పీకరు పెట్టె కూడా అలాంటిదే అనుకుంటాం. పలచటి చెక్క అయితే బాగా మోగుతుందనుకుంటాం. కానీ వీణలో చెక్క పాడుతుంది. స్పీకరులో కాగితం పాడుతుంది. చెక్క నోరు మూసుకుని ఉండాలి. చెక్క కూడా పాడితే రెండు గొంతులు కలిసి గోల అవుతుంది.

మరి పెట్టె ఎందుకు? స్పీకరు ఒక్కటీ చాలదా?

చాలదు. స్పీకరు మధ్యలో కాగితం దొప్ప లాంటిది ఉంటుంది. దాన్ని కోను అంటారు. అది ముందుకూ వెనక్కూ ఆడుతుంది. ముందుకు తోసినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. నొక్కుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారి ఆ ఖాళీని పూడుస్తుంది. ముందుదీ వెనకదీ సరికి సరి అయిపోతాయి. సన్నటి చప్పుడు మిగులుతుంది. డప్పు, మద్దెల లాంటి లావు చప్పుడు పోతుంది. దీన్నే కుర్రాళ్లు బేస్ అంటారు.

ఇది చేసి చూడొచ్చు. స్పీకరును ఉత్తినే చేతిలో పట్టుకుని పాట పెట్టండి. గొంతు పీలగా ఉంటుంది. ఇప్పుడు పెద్ద అట్టముక్కకు స్పీకరంత బెజ్జం చేసి దానికి ఆనించండి. పైసా ఖర్చు లేకుండా డప్పు వినబడుతుంది. వాట్లు పెరగలేదు. ముందు గాలికీ వెనక గాలికీ మధ్య గోడ వచ్చింది. అంతే. పెట్టె అంటే నాలుగు వైపులా మూసిన ఆ గోడే. వెనక గాలిని అందులో బంధించి ఉంచాలి. గోడ గట్టిగా ఉండాలి. ఎక్కడా కన్నం ఉండకూడదు.

బాబాయి అట్టముక్కతో చేసి చూపించాడు. అక్క రెండుసార్లు పెట్టించుకుని విన్నది. ఇంటాయన మూడోసారి పెట్టమన్నాడు.

పెట్టె కొలతలు

ఏ చెక్క వాడాలి? 18 మిల్లీమీటర్ల మందం కావాలి. మన చూపుడు వేలంత అనుకోండి. 12 మిల్లీమీటర్లది చవక. కానీ అదురుతుంది. ఎం.డి.ఎఫ్. అనే పొట్టు బల్ల బరువుగా, నునుపుగా ఉంటుంది. కారులో అయితే అది మంచిదే. ఆటోకు వద్దు. వానజల్లు పడితే నాని రొట్టెలా ఉబ్బుతుంది. ఆటోకు ప్లైవుడ్డు మేలు. నీటికి బాగా తట్టుకునే రకం మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉంటుంది. 303 అని ఉంటే మామూలు వాడకం రకం. రెండూ మంచివే, ధరలో తేడా ఉంటుంది. ముద్ర చదివే డబ్బివ్వండి.

పెట్టె ఎంత ఉండాలి? పెద్దదయితే పెద్ద చప్పుడు అని కాదు. ప్రతి స్పీకరుకూ తగిన చోటు ఉంటుంది. స్పీకరుతో వచ్చే కాగితంలో ఎన్ని లీటర్లో రాస్తారు. పెట్టెను కూడా లీటర్లలోనే కొలుస్తారు. మన ఇంటికొచ్చే నీళ్ల డబ్బా 20 లీటర్లు. ఎనిమిది అంగుళాల స్పీకరుకు బాబాయి అంతకన్నా కాస్త పెద్ద పెట్టె తీసుకున్నాడు. లోపల 30 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు, 25 లోతు. మూడూ గుణిస్తే 22,500. వెయ్యితో భాగిస్తే 22.5 లీటర్లు.

ఇక్కడ జాగ్రత్త. ఇవి లోపలి కొలతలు. చాలామంది బయట కొలుస్తారు. బయట 30, 30, 25 పెట్టి చేస్తే ఏమవుతుంది? ప్రతి వైపూ చెక్క మందం తింటుంది. లోపల 26.4, 26.4, 21.4 మిగులుతుంది. అంటే 15 లీటర్లకు కూడా చాలదు. మూడో వంతు పోయింది. మన దగ్గర డబ్బు మాత్రం మొత్తానికీ తీసుకుంటారు.

అందుకని ముక్కలు ఇలా కోయించాలి. ముందు వెనక ముక్కలు 33.6 కి 33.6, రెండు. పైనా కిందా 33.6 కి 25, రెండు. పక్కలకు 30 కి 25, రెండు. మొత్తం ఆరు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు బల్ల ఒక్కటి ఒక పెట్టెకు సరిపోతుంది. చౌకొట్టే వాళ్లు మూలమట్టం పెట్టి కోస్తే సందులు రావు. ఇంట్లో చేతి రంపంతో కోస్తే అంచు వంకర పోతుంది. ఆ వంకరే తరువాత కన్నమవుతుంది. యంత్రం మీద కోయించడం మంచిది.

మేకులు కొట్టొద్దు. గుంతల రోడ్డు మీద మేకు వారానికే వదులవుతుంది. ముందు చెక్క జిగురు పూయాలి. తరువాత జానెడులో సగం దూరానికి ఒకటి చొప్పున మరమేకులు బిగించాలి. మరమేకుకు ముందుగా సన్న బెజ్జం వేయాలి. లేకపోతే ప్లైవుడ్డు పొరలు విచ్చుకుంటాయి. ఒక రాత్రి ఆరనివ్వాలి. జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్దలా చేసి లోపలి మూలలన్నీ మెత్తాలి. గాదెకు మట్టి మెత్తినట్టే. ఈ పని అక్కే చేసింది. బాబాయి కంటే నున్నగా వచ్చిందని ఆయనే ఒప్పుకున్నాడు.

లోపల ముందు ముక్కకూ వెనక ముక్కకూ మధ్య ఒక కర్ర అడ్డం బిగిస్తే పెట్టె ఇంకా గట్టిపడుతుంది. వెదురు తడికకు అడ్డబద్ద వేస్తాం కదా, అలా. కర్ర స్పీకరుకు తగలకుండా చూసుకోవాలి. వెనక గోడకు పలచగా దిండు దూది పరవొచ్చు. కూరి కూరి నింపొద్దు. కోనుకు దూది తగలొద్దు.

స్పీకరు అంచు కింద రబ్బరు పట్టీ పెట్టి బిగించాలి. వైరు బయటికి వచ్చే బెజ్జం కూడా మూసేయాలి. తరువాత పరీక్ష. వేళ్లతో కోనును మెల్లగా, సమానంగా లోపలికి నొక్కి వదలండి. నెమ్మదిగా పైకి వస్తే పెట్టె మూసుకున్నట్టు. టక్కున వస్తే గాలి పోతున్నట్టు. ఇంకో పరీక్ష, డప్పు పాట పెట్టి అతుకుల వెంబడి అగరుబత్తి తిప్పండి. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ కన్నం ఉంది.

మంట సంగతి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాట బాగా రాకపోయినా కొంప మునగదు. వైరు తప్పుగా వేస్తే బండే తగలబడుతుంది. బండిలో మనుషులుంటారు. స్కూలు పిల్లలుంటారు.

బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు రేకు అంచుకు రాసుకుంటుంది. కొన్నాళ్లకు పై తొడుగు అరుగుతుంది. లోపలి రాగి రేకుకు తగులుతుంది. ఆ క్షణంలో బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ తీగలో పారుతుంది. తీగ ఎర్రగా కాలుతుంది. సెట్టు వెనక ఉన్న ఫ్యూజు ఇక్కడ కాపాడదు. మంట దానికంటే ముందే పుట్టింది కదా! అందుకే బ్యాటరీకి జానెడు దూరంలోనే ఇంకో ఫ్యూజు పెట్టాలి. అప్పుడు తీగ ఎక్కడ తగిలినా ముందు ఫ్యూజు పోతుంది.

ఫ్యూజు బిళ్లలకు రంగులుంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. రంగు తెలియకపోయినా అంకె ఉంటుంది. 10 కాలిపోయిందని 20 పెట్టే వాళ్లున్నారు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే వాళ్లూ ఉన్నారు. అది నిద్రపోయే కాపలావాణ్ణి పెట్టుకోవడమే. ఎందుకు కాలిందో చూడాలి. మళ్లీ 10 పెట్టాలి.

వైరు రేకులో నుంచి దూరే ప్రతి బెజ్జానికీ రబ్బరు గుండీ వేయాలి. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ నల్ల తీగ, అంటే మైనస్ తీగ, ముందు విప్పాలి. చివరికి అదే ఆఖరున బిగించాలి.

పెట్టెను తాడుతో కట్టొద్దు. స్పీకరుతో కలిపి ఒక్కో పెట్టె ఎనిమిది, పది కిలోలుంటుంది. బ్రేకు గట్టిగా వేస్తే అది వెనక సీటు వాళ్ల మెడ మీదికి వస్తుంది. అడుగు రేకుకు బోల్టులతో బిగించాలి. బోల్టు పెట్టె లోపలికి దిగకూడదు, దిగితే మళ్లీ కన్నం. ఇనుప బద్దీలు వేసి బిగించడం తేలిక.

రెండు పెట్టెలయితే ఇంకో చిన్న తిరకాసు ఉంది. ఒక స్పీకరు తీగలు తారుమారయితే ఒకటి ముందుకు తోసినప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది. లావు చప్పుడు చస్తుంది. సెట్టు పాడైందని కొత్తది కొంటారు కొందరు! టార్చిలైటు సెల్లు ఒక్క క్షణం తగిలించి చూడండి. సెల్లు ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు పెడితే కోను ముందుకు రావాలి. రెండూ ముందుకే వస్తే సరి.

ఇంజను ఆపి పాటలు పెడితే బ్యాటరీ దిగిపోతుంది. బ్యాటరీ మీద 32 ఏ.హెచ్. అని ఉందనుకోండి. సెట్టు 4 ఆంపియర్లు లాగితే లెక్కకు 8 గంటలు. కానీ అంతసేపు రాదు. సగం దిగేసరికే బండి స్టార్టు కాదు. స్టాండులో గిరాకీ కోసం కూర్చున్నప్పుడే ఇది జరుగుతుంది.

చెవుల సంగతి

పెట్టెలు తయారయ్యాయి. ఇంటాయన బటన్ను చివరిదాకా తిప్పాడు. అక్క తగ్గించింది. ఆయన పెంచాడు. బాబాయి ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60. రోజుకు 8 గంటలు 85 లో పనిచేస్తే అది చెవికి హద్దు. ఆపైన 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 88 లో 4 గంటలు. 91 లో 2 గంటలు. 100 కు చేరితే పావుగంట. ప్రయాణికుడు పది నిమిషాల్లో దిగిపోతాడు. డ్రైవరు పొద్దున్నుంచీ రాత్రిదాకా అక్కడే ఉంటాడు. లోపలి చెవిలోని సన్న వెంట్రుకల లాంటి కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. మందు లేదు. వెనక లారీ హారను కొట్టినా వినబడని రోజు వస్తుంది.

2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలూ ఉన్నాయి. ఇళ్ల మధ్య హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడు స్పీకర్లు పెట్టకూడదు. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన చోట నిశ్శబ్దంగా ఉండాలి.

ఎంత పెట్టాలో తెలియడానికి బాబాయి ఒక కొండగుర్తు చెప్పాడు. వెనక సీట్లో కూర్చున్న మనిషి మామూలు గొంతుతో "ఇక్కడ ఆపు" అంటే డ్రైవరుకు వినబడాలి. అక్క వెనక సీట్లో కూర్చుని పది సార్లు "ఆపు" అన్నది. వినబడిన చోట బటను పక్కన ఆమె బొట్టు పెట్టింది.

అక్క నోటు పుస్తకంలో ఖర్చు ఇలా రాసుకుంది. సెట్టు 1,800. స్పీకర్లు రెండు 1,600. ప్లైవుడ్డు 1,800. జిగురు, మరమేకులు, వైరు, ఫ్యూజులు 400. బాబాయి కూలి 600. మొత్తం 6,200. తొమ్మిది వేలలో 2,800 మిగిలింది. ఇంకొంచెం కలిపి ఆ నెల వాయిదా కట్టేసింది.

నెల తిరిగాక బాబాయి ఆటో ఆపి మరమేకులన్నీ ఒకసారి బిగించాడు. మూడు వదులయ్యాయి. పెట్టె మీద కణుపుతో కొట్టాడు. టక్ అంది.

చేసి చూడండి

మీ ఊరి ఆటోలోనో, మైకుసెట్టు దగ్గరో ఫ్యూజు మీద అంకె చదవండి. దాన్ని 12 తో గుణించండి. డబ్బా మీది వాట్లతో పోల్చండి.

ఒక పెట్టె లోపలి కొలతలు 25, 25, 32 సెంటీమీటర్లు. ఎన్ని లీటర్లవుతుంది? నీళ్ల డబ్బా పక్కన పెట్టి చూడండి.